గోడ మీద రెండు వేళ్ల ఎడం

క్యాంపుకెళ్లే వాలీబాల్ జట్టులో ఒక్క చోటే మిగిలింది. దానికి పోటీపడ్డది అక్కాచెల్లెళ్లిద్దరే.

నిరుటి వరకూ ఎగిరే ఎత్తు గోడ దగ్గరే కొలిచేవారు. వేళ్లకు సుద్ద రాసుకుని, నిలబడి చెయ్యి చాచి ఒక గుర్తు, ఎగిరి ఒక గుర్తు, మధ్యన టేపు. ఈసారి కోచ్ ఫోనులో యాప్ వేసుకొచ్చాడు. పాదాలు నేల విడిచిన క్షణం, మళ్లీ తాకిన క్షణం వీడియోలో చూపిస్తే, గాల్లో ఉన్న సమయాన్ని బట్టి అది ఎత్తు చెబుతుంది.

చెల్లెలు ఎగిరినప్పుడు ఫోను పట్టుకున్నది అక్కే. వీడియో నెమ్మదిగా నడిపి చూస్తే సంగతి తెలిసింది. దిగేముందు చెల్లెలు మోకాళ్లు ముడిచింది. పాదాలు ఆలస్యంగా నేల తాకాయి. ఆ ఆలస్యాన్ని కూడా ఫోను ఎత్తుకిందే జమకట్టి, చెల్లెల్ని అక్క కంటే పైన నిలబెట్టింది.

"సార్, ఇది కాళ్లు ముడిచింది. ఓసారి గోడ దగ్గర కొలవండి."

కోచ్ విసుక్కుంటూనే కొలిచాడు. గోడ దగ్గర అక్కదే రెండు వేళ్లు ఎక్కువ వచ్చింది.

ఆయన టేపు చుట్టేస్తూ, "ఇక్కడ మాత్రం మోసం లేదా? నిలబడ్డప్పుడు భుజం దించి, మొదటి గుర్తు కిందికి పెట్టుకున్నావేమో! అప్పుడు ఎత్తు దానంతటదే పెరుగుతుంది" అన్నాడు.

"నిండా చాచాను సార్. చెల్లి పక్కనే ఉంది, అడగండి."

చెల్లెలు అరచేతుల సుద్ద దులుపుకుంటూ, "నేను చూళ్లేదు సార్" అంది.

చూసింది. "ఇంకొంచెం చాచక్కా" అని అన్నది కూడా అదే.

ఫోను లెక్కే ఖాయమైంది.

ఇంటికి వస్తూ బస్సులో చెల్లెలే కదిపింది. "నువ్వూ ముడవాల్సింది. నేనేమన్నా వద్దన్నానా?"

"నాకు ముడవడం రాక కాదే."

"మరింకేం? నా మీద పడి ఏడవకు."

సంగతి విని తల్లి పొంగిపోయింది. "ఎవరికైతేనేం, మనింటికే వచ్చిందిగా! ఆ మూతి ముడుపేంటే? దాని బూట్లు అరిగిపోయాయి. క్యాంపులో నలుగురూ నవ్వుతారు. నీవి ఇచ్చెయ్."

అక్క గడప మీద కూర్చుని, బూట్ల లేసులు ఒక్కో కన్నంలోంచీ లాగి, పిడికిలికి చుట్టుకుంది. బూట్లు చెల్లెలి ముందుకు తోసింది.

"అమ్మ ఇమ్మంది బూట్లే."

మర్నాడు చెల్లెలు తన పాత బూట్ల లేసులే వాటికి కట్టుకుని క్యాంపుకు బయల్దేరింది. బస్సు దాకా సంచి మోసింది తల్లి. అక్క వెళ్లలేదు.