అతుక్కున్న ఎముకలు

బాబు పోయినప్పటి నుంచి ఇంట్లో అందరూ ఆమెతో మెత్తగా మాట్లాడుతున్నారు. ఆ మెత్తదనంలోనే ముల్లుంది. నిద్రమత్తులో తల్లే బిడ్డ మీదికి ఒరిగిపోయిందని అత్తగారు మొదట గొణిగింది, తర్వాత ఊరడిస్తున్నట్టు పైకే అంది. భర్త మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆమె తన చేతుల వంక తానే చూసుకోలేకపోయేది.

అలా ఉండగా ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. భర్త పెద్దపిల్లను చంకనేసుకుని తోడొచ్చాడు. లోపలికి మాత్రం ఆమెను ఒక్కదాన్నే పిలిచారు.

ఎక్స్‌రే డాక్టరు పెద్దావిడ. పక్కన ఒక పోలీసు ఇన్‌స్పెక్టరమ్మ కూర్చుని ఉంది. కారణం తెలియకుండా పోయిన పసివాళ్లకు తల నుంచి కాలివేళ్ల దాకా ప్రతి ఎముకనూ ఫోటో తీస్తామని డాక్టరు చెప్పి, తెర వెలిగించింది. బాబు పక్కటెముకలు. ఇంత సన్నగా ఉండేవా అనుకుందామె. వెన్నును ఆనుకుని వరసగా చిన్న చిన్న బుడిపెలు.

"ఇవి విరిగి అతుక్కుంటున్న చోట్లమ్మా. బాబు పోయిన రాత్రివి కావు, రెండు మూడు వారాల పాతవి."

"ఎక్కడైనా పడ్డాడేమో."

"పడితే ఇలా వరసగా విరగవు. రెండు చేతులతో ఛాతీ పట్టి నలిపితే విరుగుతాయి."

ఎముకల జబ్బు లేదని పరీక్షల్లో తేలిందట కూడా. ఆమె గుండె మీది బండ దిగింది. నలిపినవి తన చేతులు కావు. మరి ఎవరివి?

ఆ రోజుల్లో బాబు ఎవరి దగ్గరున్నాడని ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది. అప్పుడామె కడుపు ఆపరేషనై ఇదే ఆస్పత్రిలో ఉంది. అత్తగారు ఆమె మంచం పక్కనే ఉండిపోయింది. ఇంట్లో బాబును చూసుకున్నది భర్తే. ఆమె ఇంటికొచ్చేసరికి, ఆయన ఎత్తుకోగానే బాబు కిక్కురుమనేవాడు కాదు. నాన్నంటే అప్పుడే భయభక్తులొచ్చాయని ఆయన నవ్వితే తనూ నవ్వింది.

ఆ సంగతంతా చెప్పేసింది. పెద్దపిల్లకూ ఫోటోలు తీయాలన్నారు.

బయట పాప ఆయన ఒళ్లో బొమ్మలా కూర్చుని ఉంది.

"ఏమన్నారు?" అన్నాడాయన.

"పాపను ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి."

ఆయన చేతులు పాప నడుము చుట్టూ ఇంకాస్త బిగుసుకున్నాయి. వెనకే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి నిలబడ్డాక గానీ వదల్లేదు.

పాప మోచేతి దగ్గర కూడా పాత విరుపు కనిపించింది. ఆయన్ను అటునుంచి అటే తీసుకెళ్లారు. సాయంత్రం ఆమె ఇంకా పాపతో ఆస్పత్రిలోనే ఉండగా అత్తగారు ఫోన్ చేసి, నా కొడుకు అలాంటివాడు కాదని చాలాసేపు ఏడ్చింది. ఆమె అంతా వింది.

"ఫోటోలు మీరూ వచ్చి చూడండి అత్తయ్యా," అంది.

అత్తగారు రాలేదు.