గాజు లేని దీపం

మా ఆయన ఓక్కోకి ఊరి చివర ఉన్న సముద్రం చాలలేదు. ఇంట్లోకి కూడా తెచ్చుకున్నాడు. మా ఎమ్డెన్ ఊరి రేవులో కొత్త కార్లను ఓడల్లోకి ఎక్కించే పని అతనిది. పగలంతా బూడిద రంగు నీళ్ళూ బూడిద రంగు ఆకాశమూ చూసి ఇంటికొచ్చి, ముందుగదిలో గోడ పొడవునా ఉన్న ఉప్పునీటి అక్వేరియం ముందు బూట్లతోనే కూలబడేవాడు. అందులో కొన్ని చేపలతో పాటు పగడాలు పెంచేవాడు. రాళ్ళలా కనిపించినా ప్రాణమున్నవి. వాటికి ఎండ కావాలి. మా ఊళ్ళో నవంబరులో ఎండ మనుషులకే దొరకదు కాబట్టి, నీళ్ళ మీద ఎండలాంటి వెలుగునిచ్చే మెటల్ హాలైడ్ దీపాలు వేలాడదీశాడు.

ఆ పాత దీపాలు మెత్తటి పగడాలకు సరిపోయేవి. కొమ్మలు కొమ్మలుగా పెరిగే గట్టి రకాలు మాత్రం రంగు పోయి, తడిసిన అట్టముక్కల్లా తయారయ్యాయి. అది చూసి ఓక్కో కుమిలిపోయాడు. చివరికి పక్క ఊరు లేర్‌లో ఎవరో అక్వేరియం ఎత్తేస్తున్నారని తెలిసి, రెండింతలు పెద్ద దీపాల పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. కారులోంచి దించుతుంటే అది గుమ్మానికి తగిలి, అడుగున బిగించి ఉన్న గాజు పలక భళ్ళున పగిలింది.

"కొత్త గాజు వచ్చేదాకా ఆగు" అన్నాను, ముక్కలు ఊడుస్తూ.

"అది నీళ్ళ చుక్కలు చిమ్మకుండా పెట్టేదే ఫ్రౌకే. లేకపోతే ఇంకా మంచిది, వెలుగు ఏమాత్రం తగ్గదు" అన్నాడు.

నాకు ఆ దీపాల సంగతి తెలియదు. అతనికి తెలుసనుకున్నాను.

ఆ ఆదివారం మా అత్తగారు టోమ్మా మా ఇంట్లోనే ఉంది. రెండు రోజుల కిందటే ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కన్ను నలుపుకునే అలవాటు ఉందని, సోమవారం దాకా కట్టు విప్పొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎడమకంటికి కూడా శుక్లమే, దానికి ఇంకా వంతు రాలేదు. ఆవిడ అక్వేరియం పక్కన కుర్చీ వేయించుకుని, అల్లిక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం ఓక్కో స్నేహితుడు ఐలెర్ట్ వచ్చాడు. ఇద్దరూ బల్లలెక్కి దీపాల పెట్టెను గొలుసులతో పైకప్పుకు వేలాడదీశారు. నేను పావుగంట సేపు కింద నుంచి ఎత్తి పట్టుకున్నాను. స్విచ్ వేయగానే దీపాలు ఊదారంగులో వణికి, మెల్లగా తెల్లబడి, గదినంతా ముంచేశాయి. గోడ మీది పాత మరకలు కూడా బయటపడ్డాయి. నీళ్ళ అడుగున ఇసుక మీద వెలుగు వలలు కదిలాయి.

"ఇదిరా ఎండంటే!" అని అరిచాడు ఐలెర్ట్.

"నా ఎముకలకు కూడా తగులుతోంది. ఒరే ఓక్కో, నీ రాళ్ళ కోసం తెచ్చావు గానీ ముందు నీ తల్లికి పనికొచ్చిందిరా" అంది అత్తయ్య, కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుని.

నేనూ కాసేపు ఆ వెలుగును చూస్తూ నిలబడి, తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయాను. వాళ్ళిద్దరూ చొక్కా చేతులు మడుచుకుని, తలలు దీపం కిందికి వంచి, సాయంత్రం దాకా పగడాలను అటూ ఇటూ సర్దుతూనే ఉన్నారు. మధ్యలో టీ తీసుకెళితే ముగ్గురి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి. దీపాల వేడి అనుకున్నాను.

చీకటి పడ్డాక టైమరు దీపాల్ని ఆర్పేసింది. ఐలెర్ట్ ఇంటికెళ్ళాడు. మేము రాత్రి భోజనానికి కూర్చున్నాం. రొట్టె మీద వెన్న రాస్తూ ఓక్కో కళ్ళు నలుపుకున్నాడు. మళ్ళీ నలుపుకున్నాడు.

"కళ్ళల్లో ఇసుక పడ్డట్టుంది" అన్నాడు.

"నాక్కూడా అలాగే ఉందిరా. ఈ కట్టు లేని కన్నే" అంది అత్తయ్య.

కాసేపటికి ఓక్కో చేతిలోని కత్తి కింద పడింది. రెండు అరచేతులతో కళ్ళు మూసుకుని కుర్చీలోనే ముందుకు వంగిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "లైటు ఆపు! ఫ్రౌకే, లైటు ఆపు!" అన్నాడు. పదహారేళ్ళ కాపురంలో అతని గొంతు అలా ఎప్పుడూ వినలేదు. లైటు ఆపి అతని ముఖం పైకెత్తాను. నడవాలోంచి వచ్చే కొద్దిపాటి వెలుతురుకే అతని రెప్పలు బిగుసుకుపోయాయి. వేళ్ళతో తెరవబోతే కేక పెట్టాడు.

"పగడాల విషం. కొన్ని పగడాల జిగురులో విషం ఉంటుంది. ఆ చేతులతోనే కళ్ళు ముట్టుకున్నానేమో" అన్నాడు వగరుస్తూ.

అతన్ని సింకు దగ్గరికి లాక్కెళ్ళి కళ్ళల్లో నీళ్ళు కొట్టాను. ఏమీ తగ్గలేదు. కానీ అత్తయ్య నీళ్ళలో చేయి పెట్టలేదు కదా, ఆవిడకెలా అంటుకుంది? ఆవిడ కుర్చీలో కన్ను మూసుకుని, "అమ్మాయ్, నాకేం కనబడటం లేదు" అంది, చాలా నెమ్మదిగా.

అప్పుడే ఫోను మోగింది. ఐలెర్ట్ భార్య గెషె.

"మా ఆయనకు ఏం పెట్టారే మీరు? కళ్ళు పోయాయని నేలమీద దొర్లుతున్నాడు!"

"ఇక్కడ కూడా అంతే గెషె. ఇద్దరికీ."

గెషె గొంతు తగ్గించి, "నీకో?" అని అడిగింది.

"నాకేం లేదు" అన్నాను. అప్పటికి అది నిజమే.

ఊళ్ళో ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఆదివారం కంటి డాక్టరు ఉండరు, గంట దూరంలో ఉన్న ఓల్డెన్‌బుర్గ్ తీసుకెళ్ళమన్నారు. ఇద్దరి ముఖాలకూ తడిగుడ్డలు కట్టి, చేయి పట్టుకుని కారు దాకా నడిపించాను. పక్కింటి ఫోల్మా కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. మా ఇంటి తాళం ఒకటి ఎప్పుడూ ఆవిడ దగ్గర ఉంటుంది.

"చేపల సంగతి నేను చూసుకుంటాలే, మీరు పదండి" అంది.

"మేత చిటికెడే వెయ్యి" అన్నాడు ఓక్కో, గుడ్డ కింద నుంచి. ఆ స్థితిలో కూడా.

బయట పొగమంచు దట్టంగా ఉంది. హైవే ఎక్కాక ముందు కారు ఎర్రదీపాలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఓక్కో పక్క సీట్లో పళ్ళు బిగించి మూలుగుతున్నాడు. లేర్ దాటాక నా ఎడమకంట్లో చిన్న నలుసు పడ్డట్టయింది. రెప్ప కొట్టాను. పోలేదు. కుడికంట్లో కూడా మొదలైంది. ముందున్న ఎర్రదీపాలు రెండు నాలుగయ్యాయి, తర్వాత కరిగిపోయి ఎర్రటి మరకలా పరుచుకున్నాయి.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏం చేస్తారు? స్టీరింగుకు ముఖం ఆనించేంత దగ్గరగా వంగి, తెల్లగీత ఒక్కదాన్నే చూస్తూ నడిపాను. ఒక లారీ హారను కొడుతూ, కారు ఊగిపోయేట్టు పక్కనుంచి దూసుకెళ్ళింది. అప్పుడు తెలిసింది, నేను చూస్తున్న గీత రోడ్డు అంచుది కాదు, నడిమిది.

"ఫ్రౌకే?" అన్నాడు ఓక్కో.

"నాకూ వచ్చింది" అన్నాను. తారు గరగరలాడే అంచు చక్రాలకు తగిలేదాకా కారును మెల్లగా కుడివైపు జరిపి ఆపేశాను. ఆపాక ఇక కళ్ళు తెరవలేకపోయాను. ఎవరో గాజుపొడి చల్లి రెప్పలు కుట్టేసినట్టుంది. సంచీలోంచి సెల్‌ఫోను తీశాను గానీ ఏ మీట ఎక్కడుందో తెలియలేదు. తడిమి నొక్కితే ఏదో పాట మోగింది. లారీలు దాటినప్పుడల్లా కారు ఉయ్యాలలా ఊగుతోంది. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ముగ్గురం అక్కడే పోతాం.

"ఫోను ఇలా తే అమ్మాయ్" అంది అత్తయ్య వెనక నుంచి.

"మీకు కనబడదు కదా అత్తయ్యా!"

"కట్టు కింద ఒకటుందిగా."

"వద్దమ్మా! ఆ కన్ను కూడా పోతే..." అన్నాడు ఓక్కో.

"నోర్ముయ్. నీ రాళ్ళ పిచ్చి వల్లే ఇదంతా."

ప్లాస్టరు ఊడదీసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. ఆవిడకు ఆ కంటితో కూడా ఏమీ కనబడలేదేమో, నోరు రావడం లేదేమో అనుకున్నాను.

"అమ్మో, ఎంత తెల్లగా ఉందే ఈ మంచు!" అంది అత్తయ్య. గొంతులో భయమే లేదు. "ఇన్నాళ్ళూ అన్నీ పసుపుగా చూశాన్నేను."

ఆవిడే మీటలు చూసి అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఏ చోటని అడిగితే, కిటికీ దించి, రోడ్డు పక్క కిలోమీటరు పలక మీది అంకెలు గట్టిగా చదివి చెప్పింది. "త్వరగా రండి నాయనా, ఇక్కడ చూపున్న మనిషిని నేనొక్కదాన్నే, నాకు డెబ్బై ఆరు" అంది. మాతో, "కార్లో ఉండొద్దు, దిగండి" అని, మా ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఇనుపకంచె అవతలికి దాటించి, తడిగడ్డి మీద కూర్చోబెట్టింది. వాళ్ళు వచ్చేదాకా నా చేయి వదల్లేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "మీలో వెల్డింగ్ ఎవరు చేశారు?"

ఎవరమూ చెయ్యలేదన్నాం. ఆమె నమ్మలేదు. ఇవాళ ఏయే పనులు చేశారో పొద్దున్నుంచీ చెప్పమంది. ఓక్కో దీపాల సంగతి చెప్పాడు. పగిలిన గాజు దాకా వచ్చేసరికి ఆమె అతన్ని ఆపింది.

"ఆ గాజు నీళ్ళ చుక్కలకు కాదండీ. ఆ రకం దీపంలోంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయి. వాటిని ఆపేది ఆ గాజే. మీరు గంటల తరబడి వెల్డింగు మంటను చూసినట్టే."

"చూపు వస్తుందా?" అన్నాను.

"కంటి పైపొర కాలింది. రెండు రోజుల్లో కొత్తది వస్తుంది. మీకూ మీవారికీ అంతే. పెద్దావిడ ఆపరేషన్ కన్ను మాత్రం చూడాలి, కట్టు విప్పేశారు కదా."

అత్తయ్యను లోపలికి తీసుకెళ్ళారు. మా కళ్ళకు మందు వేసి కట్లు కట్టి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఓక్కో నా పక్కన ఉన్నాడని అతని ఊపిరిని బట్టి తెలుస్తోంది. "అమ్మకేమన్నా అయితే..." అని మొదలుపెట్టి పూర్తి చెయ్యలేదు. నేను కూడా అతన్ని ఓదార్చలేదు. ఆ మాట నిజమైతే అతన్ని క్షమించగలనో లేదో నాకే తెలియదు. ఏదో తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరం అటు తల తిప్పాం. చివరికి ఆవిడ చెప్పుల చప్పుడు వినిపించింది.

"కొత్త కన్ను బాగానే ఉందిట. పాతది మాత్రం మీ కళ్ళలాగే ఉడికింది" అంది. ఓక్కో వెక్కి వెక్కి ఏడ్చాడు. కట్ల కింద కన్నీళ్ళు మండుతున్నాయని మధ్యలో తిట్టుకున్నాడు.

ముగ్గురినీ రెండు రోజులు ఉంచుతామన్నారు. తెల్లారి, కాఫీ కప్పు నా చేతికిస్తున్న నర్సును ఓక్కో ఒక్కసారిగా అడిగాడు: "టైమెంత?"

ఆమె చెప్పింది.

"టైమరు!" అని అరిచాడు. "దీపాలు వెలిగి ఉంటాయి. ఫోల్మా మేత వెయ్యడానికి వస్తుంది!"

నర్సు ఫోల్మా ఇంటికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. మా ఇంటికే చేసి నా చెవి దగ్గర పెట్టింది. చాలాసేపు మోగాక ఎత్తారు.

"ఫ్రౌకే! ఎలా ఉన్నారే? నేనిక్కడే, మీ చేపల ముందే నిలబడ్డాను. ఎంత బాగుందే ఈ వెలుగు, మా ఆయన్ని కూడా పిలుద్దామనుకుంటున్నా!"

"తల తిప్పు! చూడకు, ఫోల్మా, అటు చూడకు!"

ఓక్కో తడిమి ఫోను లాక్కున్నాడు. "నడవాలోకి పో. గోడకి తిరుగు. ఎంతసేపైంది నువ్వొచ్చి? ఇప్పుడేనా? సరే. విను, దీపాల ప్లగ్గు వాటి కిందే ఉంది, దాని జోలికి పోవద్దు. నడవాలో ఫ్యూజుల పెట్టె ఉంది చూడు. తెరువు. అన్నీ తీసెయ్."

ఫోల్మా గొంతు నాక్కూడా వినిపించింది. "అన్నీ తీస్తే నీళ్ళు తిప్పే మోటారు ఆగదా? హీటరు కూడా? మరి చేపలో?"

ఓక్కో పదకొండేళ్ళుగా పెంచాడు వాటిని. కొన్ని పగడాలు గోరంత ముక్కలుగా తెచ్చినవి, ఇప్పుడు చేట అంత ఉన్నాయి.

"ఆగనీ, తీసెయ్. దీపం ఏ ఫ్యూజు మీదుందో నాకు గుర్తులేదు. ఎవర్నీ ఇంట్లోకి రానివ్వకు" అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం గెషె వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చింది. ఐలెర్ట్‌కు కూడా తగ్గిందిట గానీ ముఖం పాము కుబుసంలా ఊడుతోందని చెప్పింది. ఫోల్మాకు ఏమీ కాలేదు. తలుపు తీయగానే సముద్రం వెనక్కి తగ్గాక మిగిలే బురద వాసన వేసింది. ఇల్లు చల్లగా, చీకటిగా ఉంది. తొట్టెలో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చేపలన్నీ ఒక మూల తేలుతున్నాయి.

ఓక్కో కోటు కూడా విప్పకుండా బకెట్టు తెచ్చుకున్నాడు. మేము సాయం చేస్తామంటే వద్దన్నాడు. ఒక్కొక్క పగడాన్నీ తీసి, వాసన చూసి, చచ్చినదాన్ని బకెట్లో వేశాడు. సాయంత్రానికి ప్రాణమున్న పగడాలు రెండూ, కొన్ని నత్తలూ మిగిలాయి. వాటిని ఐలెర్ట్ ఇంట్లో ఉన్న చిన్న అక్వేరియంలోకి పంపించాం. ఆ దీపాల పెట్టెను ఇంకెవరూ వాడకుండా, ఓక్కో రేవు దగ్గర ఇనుప తుక్కులో సుత్తితో పగలగొట్టి మరీ పడేసి వచ్చాడు.

అత్తయ్య మరో నెల మాతోనే ఉండి, రోజంతా కిటికీ దగ్గర కూర్చుని, దారినపోయే వాళ్ళ కోట్ల రంగులు చెప్పేది. ఎండాకాలంలో ఆవిడ రెండో కన్ను ఆపరేషన్ కూడా అయింది. తొట్టె మాత్రం ఖాళీగానే ఉంది. అమ్మేయమని నేననలేదు, నింపుతానని ఓక్కో అనలేదు.

పొద్దున మెలకువ వచ్చాక, రెప్పలు తెరవడానికి ముందు ఇప్పటికీ కాసేపు ఆగుతాను. పక్కన ఓక్కో కూడా కదలకుండా పడుకుని ఉంటాడు. అతనూ తెరవలేదని నాకు తెలుసు.

"కనబడుతోందా?" అని అడుగుతాడు.

నేను కళ్ళు తెరిచి, పైకప్పు చూసి, ఆ తర్వాతే జవాబు చెబుతాను.