ఒక్కడే లాగిన వైరు

మొగుడు పనిచేస్తున్న ఇంటికి ఆమె క్యారియర్ పట్టుకుని వెళ్లేసరికి, ఆ మహానుభావుడు మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ కనిపించాడు. కింద స్విచ్ బాక్సు దగ్గర వైర్లను గోడలోని గొట్టంలోకి కాస్త తోస్తాడు. పైకి పరుగెత్తి, వాటికి కట్టిన లాగుడు తీగను కాస్త లాగుతాడు. అవి రావు. మళ్లీ కిందికి. చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది.

"మేస్త్రీగారు పొద్దుట్నుంచీ ఇదే కసరత్తమ్మా," అంది ఇంటావిడ. ఆవిడ బట్టలు కుడుతుంది. మేడగదిలో మిషన్లు పెట్టుకోవాలని ఆత్రం. "గదికి కరెంటు వస్తుందంటావా, ఈయనకి ఆయాసం రావడమేనా?"

ఆమెకి నవ్వొచ్చింది గానీ పైకి రాలేదు. ఆమె తమ్ముడు ఈ మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోతున్నాడు.

మీసాలు నల్లగా ఉన్నప్పటి నుంచి నెరిసేదాకా తమ్ముడు ఈయన పక్కనే పనిచేశాడు. ఒకరు కింద, ఒకరు పైన. అరుచుకునే అలవాటే లేదు. బాక్సు మీద ప్లయర్‌తో ఒక దెబ్బ కొడితే 'లాగుతున్నా, తొయ్యి' అని. అవతలి నుంచి బదులు దెబ్బ వినపడితేనే చెయ్యి కదిలేది. అలాంటివాణ్ణి కిందటి వారం ఎవరింట్లోనో పదిమంది ముందు, "నిచ్చెన పట్టుకోడానికి తప్ప వీడెందుకూ పనికిరాడు, నా పని నేనొక్కణ్ణే చేసుకోగలను," అన్నాడు ఈయన. తమ్ముడు నిచ్చెనను పడిపోకుండా గోడకి ఆనించి వెళ్లిపోయాడు. వేరే ఊళ్లో ఫ్యాక్టరీలో పని చూసుకున్నాడు.

"ఉండరా అని బావ ఒక్క మాటంటే ఉంటానక్కా," అన్నాడు నిన్న.

ఆ ఒక్క మాట పెకలించడానికే ఆమె క్యారియర్ వంక పెట్టుకుని వచ్చింది.

"వాడికి ఫోన్ చెయ్యండి."

"ఎందుకూ? వాడు లేకపోతే ఊరు చీకటైపోయిందా?"

"ఊరి సంగతి నాకు తెలీదు. ఈ గది మాత్రం చీకటిగానే ఉంది."

ఇంటావిడ పకపకా నవ్వింది. ఆయన మొహం కందగడ్డయింది. "నోరు కట్టిపెట్టి ఆ చివర తొయ్యి," అని పైకెళ్లాడు.

ఆమె బాక్సు ముందు చతికిలబడింది. పైనుంచి ఠక్కుమని ఒక దెబ్బ. తర్వాత నిశ్శబ్దం. బదులు కోసం చూస్తున్నాడు! ప్లయర్ ఆమె పక్కనే ఉంది. ముట్టుకోలేదు. కాసేపు విననీ, మనిషి లేని చోటు ఎలా వినపడుతుందో.

చివరికి దిగొచ్చి, ఎటో చూస్తూ ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు.

"ఏరా... ఆఁ. ఈ మేడ గొట్టంలో వంపు దగ్గర వైరు ఇరుక్కుంది."

అవతల బస్సుల రొద. తమ్ముడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. "మూడు వైర్లూ తీగకి ఒకేచోట ముడేసుంటావు బావా. ముడి లావై వంపులో పడుతుంది. ఒకదాని వెనక ఒకటి మెట్లు మెట్లుగా కట్టి టేపు చుట్టు. దానిమీద సబ్బు రాయి. పక్కన అక్క ఉందిగా, నువ్వు లాగినప్పుడే తొయ్యమను."

ఫోన్ పెట్టెయ్యకుండానే వైర్లు వెనక్కి తీసి అలాగే కట్టారు. ఆమె సబ్బు రాసి తోసింది, ఆయన పైకెళ్లి లాగాడు. జర్రున వచ్చేశాయి. ఆయన ఫోన్‌తో కిందికి దిగొచ్చాడు.

"వచ్చాయా బావా?"

"వచ్చాయి."

"ఇంకేమైనా ఉందా?"

ఆమె మొగుడి నోటివంకే చూసింది. ఆయన మెడ తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అన్ని మెట్లు ఎక్కిదిగిన మనిషికి ఆ ఒక్క మాట మోయలేనంత బరువైపోయింది.

"ఏం లేదు. జాగ్రత్తగా వెళ్లు."

ఆమె ఫోన్ లాక్కుంది. "తమ్ముడూ!"

"ఎక్కేశానక్కా. బెంగ పెట్టుకోకు. అన్నం తిను." హారన్ మోతలో మిగతాది వినపడలేదు.

ఆయన ఇంటావిడ వైపు తిరిగి ఛాతీ విరిచాడు. "చూశారా? ఒక్కణ్ణే లాగేశా."

"ఒక్కరేనా! మరి ఈవిడెవరు, గోడా?"

ఆమె చేతుల సబ్బు కడుక్కుని చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే? మేడమీద ఇంకా రెండు గదులున్నాయి!"

"ఒక్కరే లాగుతారుగా. లాగండి."

బస్సు కదిలిపోయిందని తెలిసీ, ఆమె బస్టాండు వైపే నడిచింది.