ఆగిపోయిన కోత మిషన్

సాద్ బండికి స్టాండు వేస్తుండగానే దెబ్బల చప్పుడు వినిపించింది. ఎవరో తడి గోనెసంచి దులుపుతున్నారనుకున్నాడు. గ్రానైట్ యార్డు గేటు బయట కూలీలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరూ వెళ్లిపోలేదు, ఎవరూ లోపలికీ పోలేదు. సాద్‌ను చూసి పక్కకు జరిగారు.

"జల్ది పో భాయ్. మిషన్ చాలైతెనన్న ఇడుస్తడేమో," అన్నాడు ఒక ముసలాయన.

లోపల క్రేన్ ఇనుప స్తంభానికి, కోత మిషన్ నడిపే రాయమల్లును కట్టేశారు. చేతులు వెనక్కి విరిచి, రాళ్లు లేపే బెల్టుతోనే బిగించారు. చొక్కా చీలికలై వేలాడుతోంది. యజమాని శ్యాంసుందర్ నీళ్ల పైపు ముక్కను రెండు చేతులా పట్టుకుని, ఆయాసపడుతూ కొడుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ రాయమల్లు నోట్లోంచి గాలి మాత్రమే వస్తోంది. అరవడానికి కూడా శక్తి లేదు. అతని భార్య కోమల అదే యార్డులో రాళ్లు కడిగే పని చేస్తుంది. ఆమె నేల మీద కూలబడి ఉంది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం దాకా కారింది. అడ్డం పోయినందుకు ఆమెకూ తగిలిందని సాద్‌కు అర్థమైంది.

"వచ్చినవా?" శ్యాంసుందర్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "పో, సూడు. నీ కంప్యూటర్‌ను గీడు ఏం జేసిండో సూసి చెప్పు. పని ఇడిసిపెట్టి ఇంకో యార్డుకు పోతా అన్నడు. తెల్లారేసరికి నా మిషన్ బందైంది. నేనేం ఎడ్డోన్నా?"

"సేటూ, మనిషి చచ్చిపోతడు. జర ఆపుండ్రి."

"నువ్వు మిషన్ సూడు. మనిషిని నేను సూసుకుంట."

సాద్‌కు కరీంనగర్‌లో చిన్న కంప్యూటర్ దుకాణం ఉంది. ఈ యార్డులో రాయి కోసే పెద్ద మిషన్‌ను నడిపే కంప్యూటర్‌ను విడిభాగాలు తెచ్చి అతనే బిగించాడు. మిషన్ పాతది. దాన్ని తయారుచేసిన విదేశీ కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాన్ని కంప్యూటర్‌కు కలిపే కార్డు విండోస్ సెవెన్‌లో తప్ప మరెందులోనూ పనిచేయదు. కొత్త కంప్యూటర్ బోర్డులేమో ఆ పాత విండోస్‌ను గుర్తుపట్టవు. మీట నొక్కగానే విండోస్‌ను నిద్రలేపే చిన్న ప్రోగ్రాం ఒకటి డిస్కులో ఉంటుంది, దాన్ని బూట్‌లోడర్ అంటారు. పాత బూట్‌లోడర్‌ది ఒక పద్ధతి, కొత్త బోర్డు వెతికే పద్ధతి మరొకటి. అందుకే సాద్ రెండు పద్ధతులూ ఒప్పుకునే బోర్డు వెతికి తెచ్చి, సెట్టింగుల్లో పాత పద్ధతి పెట్టి, ఎవరూ కదిలించకుండా పాస్‌వర్డ్ వేసి పోయాడు.

అద్దాల గదిలోకి వెళ్లేసరికి శ్యాంసుందర్ కొడుకు అరుణ్ కంప్యూటర్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఇంజనీరింగ్ పూర్తిచేసి యార్డు లెక్కలు చూస్తున్నాడు. ముఖం సున్నంలా తెల్లబడింది.

తెర మీద ఒకటే వాక్యం. బూట్ చేయడానికి ఏ డిస్కూ దొరకలేదట. సాద్ కేబుళ్లు చూశాడు. గట్టిగానే ఉన్నాయి. పాస్‌వర్డ్ కొట్టి సెట్టింగుల్లోకి పోయాడు. తాను పెట్టిన పాత పద్ధతి ఆఫ్ అయి ఉంది. కొత్త పద్ధతి ఒక్కటే నడుస్తోంది. దాని కింద వరుసలో కొత్త విండోస్ పేరు కనిపించింది. ఆ విండోస్ ఉన్న డిస్కు మాత్రం ఇప్పుడు పెట్టెలో లేదు. ఎవరో ఇంకో డిస్కు తగిలించి, కొత్త విండోస్ వేసి, మళ్లీ ఊడదీసుకుపోయారు. డిస్కు పోయినా బోర్డు మాత్రం ఆ పేరును మరచిపోలేదు.

రాయమల్లుకు మిషన్ నడపడం వచ్చు. ఈ తెర అతను ఎన్నడూ చూసి ఉండడు. ఈ పాస్‌వర్డ్ సాద్ చెప్పింది ఒక్కరికే.

బయట పైపు మళ్లీ పడింది. కోమల అరిచింది.

సాద్ తల తిప్పి చూశాడు. అరుణ్ రెండు చేతులు జోడించాడు.

"సాద్ భాయ్, చెప్పకు. నీ కాళ్లు మొక్కుత. కొత్త విండోస్‌లనే నడిచే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏద్దామని జేసిన. బాపుకు సూపిద్దామనుకున్న. మిషన్ కార్డు పనిచెయ్యలే. ఎనుకకు తెద్దామని ఏదో రిపేర్ అని కొట్టిన, అది ఇంకా ఖరాబైంది."

"అక్కడ మనిషి చస్తుండు, అరుణ్."

"నాకు తెల్వదా? నేనని తెలిస్తె నన్ను సంపుతడు. నిజంగనే సంపుతడు. నన్ను గన్న అవ్వ చెయ్యి ఎట్ల ఇరిగిందో నీకు తెల్వదు."

సాద్ తెర వైపు తిరిగాడు. ముందు మిషన్ నడిస్తే కొట్టుడు ఆగుతుందనుకున్నాడు. నిజం తర్వాత మెల్లగా చెప్పవచ్చు. ఇంట్లో భార్య యుమ్నా ఒక్కతే ఉంది, దుకాణం ఇదే ఊళ్లో ఉంది, శ్యాంసుందర్ మనుషులూ ఇదే ఊళ్లో ఉన్నారు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. అయినా చేతులు ఆగలేదు.

పాత పద్ధతి ఆన్ చేశాడు. ఈసారి డిస్కు దొరికింది గాని, బూట్‌లోడర్ లేదన్నది. అరుణ్ కొట్టిన రిపేర్ దాన్నీ తుడిచేసింది. సాద్ తన పెన్‌డ్రైవ్ పెట్టి, నల్ల తెర మీద ఒక్కొక్క ఆదేశం కొట్టి, బూట్‌లోడర్‌ను మళ్లీ పాత పద్ధతిలో రాయించాడు. ఒకసారి తప్పు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కంప్యూటర్ ఆగి, లేచింది. పాత విండోస్ రంగుల బొమ్మ మెల్లగా వెలిగింది. కోత మిషన్ పచ్చ లైటు వచ్చింది.

సాద్ బయటికి పరిగెత్తాడు.

"సేటూ, అయిపోయింది! నడుస్తుంది. ఇడిసిపెట్టుండ్రి."

శ్యాంసుందర్ గది వైపు చూసి, పైపు పక్కకు పడేశాడు. సాద్ ఊపిరి పీల్చుకున్నాడు. అయితే ఆయన కట్టు విప్పింది రాయమల్లును పంపించడానికి కాదు. కుడిచెయ్యి పట్టి ఈడ్చుకుపోయి, పక్కనే పడి ఉన్న రాయి మీద ఆ చెయ్యి పరిచి, మోకాలితో అదిమాడు. ఇంకో చేత్తో రాళ్లు చెక్కే సుత్తి అందుకున్నాడు.

"నా మిషన్ ముట్టిన చెయ్యి ఇదే గద. ఇంకో యార్డుల ఎట్ల నడుపుతవో నేనూ సూస్త."

సుత్తి పడింది. చిటికెన వేలు, దాని పక్క వేలు రాయికి అంటుకుపోయినట్టు నలిగాయి. అంతసేపూ అరవని రాయమల్లు అప్పుడు అరిచాడు. గేటు బయట గుంపు ఒక్కసారిగా కదిలింది. కోమల లేచి శ్యాంసుందర్ భుజం కొరికింది. ఆయన మోచేత్తో పొడిస్తే వెల్లకిలా పడింది. సుత్తి మళ్లీ లేచింది.

"ఆయన కాదు!" సాద్ గొంతు చీలింది. "ఆయనకు పాస్‌వర్డే తెల్వది. అది తెలిసింది నాకు, మీ అరుణ్‌కు. ఇద్దరికే. అరుణ్‌నే అడుగుండ్రి!"

శ్యాంసుందర్ లేచి నిలబడ్డాడు. మూడంగల్లో సాద్ మీదికి వచ్చి సుత్తి తిప్పాడు. సాద్ తల తప్పించాడు గాని భుజం తప్పించలేకపోయాడు. మెడ కింది ఎముక పటుక్కుమనడం లోపల వినిపించింది. మోకాళ్ల మీద కూలాడు.

"నా కొడుకు మీద పెడ్తవారా? నువ్వూ గీడూ కలిసి చేసిండ్రు!"

"నేనే బాపూ."

అరుణ్ గది గుమ్మంలో ఉన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. యార్డులో ఎవరూ మాట్లాడడం లేదు కాబట్టి అందరికీ వినిపించింది.

"నేనే మార్చిన. రాత్రి సంది చెప్దామని సూస్తున్న, నాకు దమ్ము సాల్లేదు."

ఈ మాటతో శ్యాంసుందర్ చల్లబడతాడని సాద్ ఆ నొప్పిలోనూ ఆశపడ్డాడు. ఆయన ముఖంలో అలాంటిదేమీ రాలేదు. సుత్తితోనే కొడుకు మీదికి పోయాడు. అరుణ్ వెనక్కి వెనక్కి నడిచి, కోసిన పలకలు నిలబెట్టిన ఇనుప స్టాండుకు తగిలి ఆగాడు. మొదటి దెబ్బ అతని తొడ మీద పడింది. రెండో దెబ్బకు అరుణ్ పక్కకు దుమికాడు. సుత్తి పలకలకు ఆనించిన చెక్కకు తగిలింది. చెక్క ఊడిపోయింది.

"బాపూ, పలక!"

ముందున్న పలక నిదానంగా, బరువుగా వంగింది. శ్యాంసుందర్ వెనక్కి అడుగు వేశాడు. ఒక్క అడుగే పడింది. పలక ఆయన్ను వెల్లకిలా పడేసి మోకాళ్ల మీద కూర్చుంది. దాని మీద ఇంకొకటి పడి రెండు ముక్కలైంది. దుమ్ము లేచింది. దుమ్ములోంచి వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు.

అరుణ్ పలక అంచు పట్టుకుని లాగాడు. అది కదల్లేదు. గేటు బయటివాళ్లు ఇప్పుడు లోపలికి పరిగెత్తుకొచ్చారు. గునపాలు పెట్టి లేపబోతే రాయి ఒకవైపు జరిగి, శ్యాంసుందర్ మళ్లీ అరిచాడు. క్రేన్‌తో తిన్నగా లేపాలి. క్రేన్ నడపడం వచ్చింది రాయమల్లుకే.

రాయమల్లు నలిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కోమల తన కొంగు చింపి ఆ చేతికి చుడుతోంది.

"రాయమల్లన్నా!" అరుణ్ కుంటుకుంటూ వచ్చి కాళ్ల మీద పడ్డాడు. "లేపన్నా. తప్పు నాది. బాపును బతికియ్యి."

కోమల తల ఎత్తలేదు. "ఉండనియ్," అన్నది భర్తతో. "గట్లనే ఉండనియ్. నువ్వు లేవకు."

అందరూ రాయమల్లు వైపే చూస్తున్నారు. అతను చాలాసేపు పలక వైపు చూశాడు. ఆ చూపులో జాలి లేదని సాద్ తర్వాత చాలామందికి చెప్పాడు. చివరికి ఎడమచేయి నేలకు ఆనించి లేచాడు. కోమల అతని కాలు పట్టుకుంది. అతను మెల్లగా విడిపించుకున్నాడు.

"బెల్టు ఏయుండ్రి," అన్నాడు కూలీలతో.

ఇందాక అతన్ని కట్టిన బెల్టునే వాళ్లు పలకకు చుట్టారు. రాయమల్లు క్రేన్ రిమోట్‌ను ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలితో నొక్కాడు. పలక తిన్నగా లేచింది. కింద ఉన్నవి కాళ్లని గుర్తుపట్టడం కష్టమైంది.

ఆటో ట్రాలీలో దవాఖానకు పోతుంటే సాద్ అడిగాడు, "ఎందుకు లేపినవ్?"

రాయమల్లు ట్రాలీ అంచుకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. "రాయి కింద మనిషి ఉంటే లేపాలె భాయ్. గంతే. వాన్ని మాఫ్ చేసిన్నని అనుకోకు."

శ్యాంసుందర్‌కు ఒక కాలు మోకాలి పైన తీసేశారు. రెండోది మిగిలింది గాని వంగదు. రాయమల్లుకు రెండు వేళ్లు పోయాయి. సాద్ భుజానికి ప్లేటు వేశారు. పెద్దమనుషులు రాయమల్లు ఇంటికీ సాద్ ఇంటికీ తిరిగారు. కాలు పోయినోని మీద కేసేంది, దేవుడే శిక్షించిండు గద, అన్నారు. కోమల వాళ్లను అరుగు కూడా ఎక్కనివ్వలేదు. "దేవుడు నా మొగని వేళ్లు తియ్యలే. దేవున్ని ఎందుకు తెస్తరు నడుమ?" అన్నది. స్టేషన్‌లో రాయమల్లు, కోమల, సాద్ ముగ్గురూ జరిగింది జరిగినట్టు చెప్పారు. అరుణ్ మాత్రం పలక దానంతట అదే పడిందని, కొట్టుడు తాను చూడలేదని రాయించాడు. అది విన్న రోజు సాద్ దుకాణం మూసుకుని ఇంట్లో పడుకున్నాడు. యుమ్నా అన్నం పెట్టి పిలిచినా లేవలేదు.

కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన రోజు వరండాలో బెంచీ మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. అరుణ్ వచ్చి ఎదుట నిలబడ్డాడు. కనుబొమ్మ మీద కొత్త గాయం ఉంది.

"ఏంది?" అన్నాడు సాద్.

"బాపు మంచంల కూసున్నకాడికెల్లే కర్రతోని కొడ్తుండు," అన్నాడు అరుణ్. "అవ్వను గూడ. నేను రెండు అడుగులు ఎనుకకు జరిగితె అందడు భాయ్. కాలు లేదు గద, ఉరికి రాలేడు. అయినా నాకు జరగబుద్ది అయితలేదు. నిలవడి దెబ్బలు తింటున్న. ఎందుకో నాకే తెల్వది."

అరుణ్ కనుబొమ్మ మీది గాయం తడుముకున్నాడు.

"ఇయ్యాల నిజం చెప్త," అన్నాడు. "ముందుగాల అబద్ధం రాయించిన అని గూడ చెప్త."

రాయమల్లు అతని ముఖంలోకి చూశాడు. బెంచీ చివర ఒక మనిషికి సరిపడా చోటు ఉంది. కోమల తన సంచి తీసి ఆ చోట పెట్టింది. అరుణ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపలి నుంచి బంట్రోతు పిలిచేదాకా అలాగే నిలబడి, పిలవగానే అందరికంటే ముందు నడిచాడు.