వెన్నులో తేట చుక్క

చిలికా మీద మంచు ఇంకా విడలేదు. ఆపరేషన్ గది కిటికీలోంచి చూస్తే సరస్సూ ఆకాశమూ కలిసి ఒకే తెల్లని గుడ్డలా ఉన్నాయి. మత్తు డాక్టరు కావడానికి చదువుతున్న సులగ్న ఈ ఉదయం మొదటిసారి మనిషి వెన్నులోకి సూది వెయ్యాలి. మూడు నెలలుగా రబ్బరు వీపు మీదే నేర్చుకుంది. అది ఊపిరి తీసుకునేది కాదు.

బల్ల అంచున కూర్చున్న కుంతల వీపు ఊపిరికి లేచి పడుతోంది. చేపల గంపలు మోసిన మనిషి. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేసి తియ్యాలి.

"నీకిదే మొదలా అమ్మా?" అంది కుంతల.

సులగ్నకు అబద్ధం నోట రాలేదు. "అవునక్కా. వద్దంటే మేడమే వేస్తారు."

"నా చేతికి మొదటిసారి పడవ తెడ్డిచ్చిన రోజు మా నాన్న కూడా పక్కనే కూర్చున్నాడులే. కానియ్యి."

నర్సు ఆమె భుజాలు పట్టుకుని, "పిల్లిలా వీపు వంచు" అంది.

"ఈ కడుపుతోనా? తాబేలునైతే అవుతాను!"

సులగ్నకు పని నేర్పే మత్తు డాక్టరు మహాంతి మేడమ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "కళ్లతో వెతక్కు, వేలితో వెతుకు."

నడుం ఎముకల ఎత్తు చూసుకుని సులగ్న బొటనవేలు వెన్ను మీదికి జరిపింది. గట్టి, మెత్తన, గట్టి. మెత్తనిచోట చర్మానికి తిమ్మిరి మందిచ్చి, సన్నసూది లోపలికి పంపింది. ఎముక తగిలింది.

"వెనక్కి తియ్యి. కాస్త తలవైపు వంచి మళ్లీ" అంది మేడమ్. చెయ్యి మాత్రం ముందుకు రాలేదు.

సులగ్న మళ్లీ మొదలుపెట్టింది. గదిలో చప్పుళ్లన్నీ నీళ్లకింద నుంచి వస్తున్నట్టు దూరమయ్యాయి. లోకమంతా రెండు వేళ్ల మధ్యకు వచ్చి ఆగింది. ఒకచోట సూది ఇట్టే వదులైంది. సూది లోపలి సన్నతీగను బయటికి లాగింది. ఏమీ రాలేదు. ఇంకో క్షణం. అప్పుడు సూది వెలుపలి చివర తేటగా ఒక వెన్నునీటి చుక్క పుట్టి, వెలుతురు నింపుకుని, నిలిచింది.

"అదే" అంది మేడమ్, పిల్ల నిద్ర లేస్తుందేమో అన్నంత మెల్లగా.

మందు ఎక్కించి వెల్లకిలా పడుకోబెట్టారు. "కాళ్లు ఎండ కాచిన నీళ్లలో దిగుతున్నాయి" అని గొణిగింది కుంతల. చల్లని దూది పొట్ట మీద పెడితే ఆమెకు తెలియలేదు.

కాసేపటికి ఆడపిల్ల ఏడ్చింది.

"నీ పేరేంటమ్మా?" అంది కుంతల.

"సులగ్న అక్కా."

"అయ్యో, మా ఆడపడుచు పేరూ అదే! పిల్లకి మాత్రం పెట్టను సుమా."

సులగ్న మాస్కు వెనక పకపకా నవ్వింది. అప్పుడు తెలిసింది, పొద్దున్నుంచి తను కూర్చోనే లేదని. మేడమ్ స్టూలు ఆమె వైపు జరిపింది.