తొమ్మిదిసార్లు కాల్చిన ఉప్పు

గాలి కొట్టి చేర్యోంగ్ పళ్లు ఆరబెట్టగానే మిరాన్‌కు ఒళ్లు మండింది. ముందు పళ్ల మీద, ఒక్కో క్లిప్పు చుట్టూ, సున్నం పూసినట్టు తెల్లమచ్చలు. తడిగా ఉంటే కనబడవు. ఆరితే దాగవు. ఎనామిల్ కరిగిపోతోందని అర్థం. పిల్లకు పదిహేడేళ్లు, క్లిప్పులు తీయడానికి ఇంకా ఏడాది ఉంది. ఇలాగే సాగితే మచ్చలు గుంటలవుతాయి. పోయిన పంటిపొర మళ్లీ పుట్టదు.

దక్షిణ కొరియాలోని తేగు నగరంలో, ఆ పళ్ల క్లినిక్‌లో మిరాన్ పద్నాలుగేళ్లుగా జనం పళ్లు శుభ్రం చేస్తోంది. కుర్చీ పక్కన నిలబడ్డ ఇలాంటి తల్లులను ఎంతమందిని చూసిందో!

"మచ్చలెలా వస్తాయి?" చేర్యోంగ్ తల్లి దబాయించింది. "మా ఇంట్లో రోజుకు మూడుసార్లు, తిన్న మూడు నిమిషాల్లో, మూడేసి నిమిషాలు తోముతాం. బళ్లో కూడా అన్నం తినగానే బ్రష్షు పట్టుకుని పరిగెడుతుంది మా పిల్ల."

"దేంతో తోముతుందండీ?"

"వెదురు ఉప్పుతో! వెదురు బొంగులో కూరి తొమ్మిదిసార్లు కాల్చిన ఉప్పు. తోమాక పన్నెండుసార్లు పుక్కిలిస్తుంది. మీ ఫ్లోరైడ్ మా గడప తొక్కదు. అది ఎలకల మందు."

తొమ్మిదిసార్లు కాలిస్తే ఉప్పుకు జ్ఞానోదయమవుతుందని పెద్ద చదువులు చదివినవాళ్లే నమ్ముతారు. చేపలమ్మే మిరాన్ తల్లి ఎన్నడూ నమ్మలేదు.

"ఎన్నిసార్లు కాల్చినా ఉప్పు ఉప్పేనండీ. క్లిప్పుల సందుల్లో తిండి పులిసి పంటిని తినేస్తుంది. దానికి అడ్డు పడేది ఫ్లోరైడే. అదేమీ గిన్నెడు తాగమనడం లేదు, పంటి మీద పలచగా పూస్తాం."

"డాక్టరు గారూ! ఈవిడ నాకు పాఠం చెబుతోంది!"

ప్యో డాక్టరు నవ్వు తగిలించుకుని వచ్చాడు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల తల్లులందరి ఆన్‌లైన్ గుంపుకు చేర్యోంగ్ తల్లే పెద్ద. ఈవిడ మెచ్చుకుంటే క్లినిక్ నిండుతుంది, తిడితే ఈగలు తోలుకోవాలి. డాక్టరు వెన్నెముక ఎప్పుడో మెత్తబడిపోయింది.

"సహజమైనవి మంచివేనండీ," అన్నాడు. "మచ్చలదేముంది, క్లిప్పులు తీశాక పైన పింగాణీ రేకులు అంటిద్దాం. అమ్మాయి సినిమా తారలా ఉంటుంది."

"ఉన్న పన్ను పాడవనిచ్చి, దాన్ని అరగదీసి, రేకు అంటిస్తారా సార్? దానికి డాక్టరెందుకు, గచ్చు వేసే మేస్త్రీ చాలు."

"మిరాన్ గారూ, నోరు అదుపులో పెట్టుకోండి!"

"అక్కా, ఆ అద్దం ఇలా ఇవ్వండి," అంది చేర్యోంగ్.

పెదవి ఎత్తి చాలాసేపు చూసుకుంది.

"అమ్మా, రెండేళ్లు నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక్క పూట తప్పలేదు. పూయండక్కా."

"దిగు! వెళ్దాం!" తల్లి చెయ్యి పట్టి లాగింది. పిల్ల కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కదల్లేదు.

మిరాన్ రోగి కాగితాలు తీసి డాక్టరు ముందు పెట్టింది. "మీరు చెప్పందే పూయను సార్. వద్దంటే, మచ్చలు చూసీ ఫ్లోరైడ్ వద్దన్నానని ఇక్కడ రాసి సంతకం పెట్టండి. మీరూ పెట్టండమ్మా."

పెన్ను ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. ఎలకల మందు అని అరిచిన నోరు సంతకం అనగానే మూతబడింది. డాక్టరు గోడ వైపు చూస్తూ, "ఒక్కసారికి ఏం కాదులెండి" అని తల్లితో గొణిగాడు. ఆవిడ మొహం తిప్పుకుని, "కానివ్వండి. ఏదైనా జరిగితే మీదే బాధ్యత" అంది.

మిరాన్ పళ్లు ఆరబెట్టి ఒక్కో క్లిప్పు చుట్టూ మందు పూసింది.

"మందు పంటికి పట్టాలి, రేపు పొద్దున్న దాకా తోమకు. రేపట్నుంచి ఫ్లోరైడ్ పేస్టు వాడు. తోమాక ఉమ్మెయ్యి, పుక్కిలించకు, ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది."

తల్లి అదిరిపడింది. "రాత్రి భోజనం చేసి తోమకుండా పడుకోవాలా? పుక్కిలించకూడదా? ఛీ ఛీ, ఏం మురికి మనుషులు!" విసవిసా బయటికి నడిచింది. మందు పూస్తే ఊరుకుంది గానీ దీనికి మాత్రం ఆవిడకు డోకు వచ్చింది.

చేర్యోంగ్ కుర్చీ దిగింది. "మచ్చలు పోతాయా అక్కా?"

"పూర్తిగా పోవు. ఇక ముదరకుండా ఆపొచ్చు."

"పేస్టు పేరు రాసివ్వండి. నేనే కొనుక్కుంటాను."