ఎదురుగా కూర్చునే పిల్ల

పెద్ద బకెట్లో చిన్న బకెట్, అందులో చెంబులు, చెంబుల్లో టీ జల్లెడలు. పుష్పవతి చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నోరు మాత్రం పెద్దకొడుకు ధర్మతేజ చేత పదిహేడో ఎక్కం అప్పజెప్పించుకుంటోంది. సరుకు ఆటో మీద చేటలు కడుతున్న ఆ పద్దెనిమిదేళ్లవాడు పదిహేడెనిమిదుల దగ్గర తడబడ్డాడు. తాడు ముడి పడకముందే మళ్లీ మొదటినుంచీ చెప్పించింది. నర్సీపట్నం బస్టాండు వెనక సందులో టీ కొట్లు ఇంకా తెరవలేదు.

ఆమెకు నలభై దాటలేదు. ఎండకు కమిలిన ముఖం, తాళ్లు లాగి కాయలు కాచిన అరచేతులు, నవ్వితే కనపడే సగం విరిగిన పన్ను. భర్త మన్మథరావు ప్లాస్టిక్ సామాన్లు వేసుకుని సంతలు తిరుగుతాడు. ఆరుగురు పిల్లలతో ఆమే ఆటో వెనక కూర్చుంటుంది. ఇవాళ ఈ ఊరు, రేపు ఇంకో ఊరు అనేవాళ్లకి ఏ బడి కుదురుతుంది? పెద్దాడిని చేర్పిస్తే నెలకి నాలుగు రోజులు వెళ్లాడు, వాళ్లు పేరు కొట్టేశారు. పదో తరగతి పాసైన పుష్పవతికి రోషం పొడుచుకొచ్చింది. నా పిల్లలకి నేనే పంతులమ్మనంది. సంతలో నవ్విన నోళ్లే తర్వాత టీచరమ్మా అని పిలిచాయి. ఆ పిలుపు వింటే ఆమెకు ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు.

ఈ వేసవంతా ఆమెదే. కొయ్యూరు కొండల్లో టార్పాలిన్ కింద పాఠాలు, పాయకరావుపేట దగ్గర ఏటి ఇసకలో లెక్కలు. రెండోది ఈశ్వరి ఓపెన్ స్కూల్లో పది పాసైంది. ధర్మతేజ ఘాట్ రోడ్డు మీద ఆటో తిప్పడం నేర్చాడు. చంటిది నడిచింది. మిగిలింది ఐదోది, పదేళ్ల చిట్టితల్లి. తల్లి ఒళ్లో కథల పుస్తకం తెరిస్తే గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. ఊరి చివర అమ్మాయిల హాస్టలు బడిలో ఐదో తరగతి సీటుకి ఇవాళ దానికి పరీక్ష. నిజానికి పరీక్ష పుష్పవతికే. ఆటోలో చెప్పిన చదువూ చదువేనని ఒక్క బడి ఒప్పుకుంటే చాలు.

హెడ్‌మిస్ట్రెస్ సత్యలక్ష్మి గారు పుస్తకం ఇచ్చారు. చిట్టితల్లి దాన్ని తలకిందులుగా తిప్పి బల్ల మీద పెట్టుకుంది. కుడినుంచి ఎడమకి వేలు జరుపుతూ ఎక్కడా ఆగకుండా పేజీ చదివేసింది. గుమాస్తా నవ్వాడు. సత్యలక్ష్మి గారు నవ్వకుండా పుస్తకం సరిచేసి ఇచ్చారు. పిల్ల చాలాసేపు చూసింది.

"ఇలాగైతే రాదండి," అంది, తప్పు పుస్తకానిదే అన్నట్టు.

పేరు రాయమన్నారు. కాగితం కుడి చివరినుంచి మొదలుపెట్టి రాసింది. ఎదురుగా ఉన్న సత్యలక్ష్మి గారికి అక్షరాలు ముత్యాల్లా నిటారుగా ఉన్నాయి. పిల్ల వెనక నిలబడ్డ తల్లికి మొదటిసారి అవి తలకిందులుగా కనిపించాయి.

పుష్పవతి సిగ్గుతో చితికిపోయింది. చదివే ఐదుగురికీ ఒకటే పుస్తకం, అది తన ఒళ్లో. మగపిల్లలు కొట్టుకుంటారని చెరోవైపూ తనకు ఆనించి కూర్చోబెట్టుకునేది. ఈశ్వరి భుజం మీదనుంచి చూసేది. అల్లరి చెయ్యని పిల్ల కాబట్టి చిట్టితల్లి ఎదురుగా. పలక మీద అక్షరాలు తనవైపు తిప్పి రాస్తుంటే, ఎంత మర్యాద తెలిసిన పిల్లో అని మురిసి రైటు కొట్టేది. ఐదేళ్లు అలాగే కొట్టింది.

ఐదో తరగతి కుదరదన్నారు సత్యలక్ష్మి గారు. మూడులో కూర్చోబెడితే కొన్ని నెలల్లో దారిలో పడుతుందనీ, ఇవాళ్టినుంచే ఉంచెయ్యమనీ నెమ్మదిగా చెప్పారు. నేనే పక్కన కూర్చోబెట్టుకు నేర్పుకుంటానండీ అనబోయింది పుష్పవతి. ఆటోలో తన పక్కన చోటు లేదని గుర్తొచ్చి సంతకం పెట్టేసింది.

బయట వరండాలో పిల్ల జుట్టు సవరిస్తూ అడిగింది.

"ఏటే తల్లీ, ఇన్నేళ్లూ ఒక్కసారైనా సెప్పలేదేటి?"

"నువ్వు రైటు కొట్టేదానివి కదమ్మా."

"అలాగని నా పక్కకొచ్చి కూకోవచ్చు కదే."

చిట్టితల్లి తలెత్తి తల్లివైపు చూసింది. "పక్కన కూకుంటే నీ మొకం కనిపించదు."

ఈ పిల్ల ఐదేళ్లు తన ముఖం చూస్తూ కూర్చుంటే, తాను పుస్తకంలోంచి ఒక్కసారైనా తలెత్తినట్టు పుష్పవతికి గుర్తు రాలేదు.

ఆయా బేగి రమ్మని పిలిచి, లోపలికి తీసుకెళ్లి యూనిఫారం తొడిగింది. భోజనాల వరస కదులుతోంది. చిట్టితల్లి దాని చివర చేరి, ముందున్న పిల్ల భుజం పట్టుకుని నడిచిపోయింది. బయటి బట్టలు ఇక్కడ ఉంచరంటూ ఆయా పిల్ల విడిచిన గౌను మడతపెట్టి తల్లి చేతిలో పెట్టింది.

సీటొచ్చిందా అని ఆటో దగ్గర అడిగాడు మన్మథరావు. వచ్చిందంది. ఏ తరగతో చెప్పలేదు. ఆటో కదిలింది. మగపిల్లలు చెరోవైపూ ఆనుకుని పుస్తకం తియ్యమన్నారు. పుష్పవతి తియ్యలేదు. గౌను చంటిదానికి దాచుదామని ఈశ్వరి చెయ్యి చాపింది, ఆమె ఇవ్వలేదు.

ఒళ్లో గౌను చంకల దగ్గర ఇంకా చెమటతో తడిగానే ఉంది.